నీళ్లలో ఇల్లు



ఈ పేజీ పక్కన అంటించిన రంగుల బొమ్మ గురించి రాస్తున్నాను. సోమవారం నుంచి చాలామంది దాని ముందు ఆగి, "ఇదేం బొమ్మ, సగం వేసి వదిలేసినట్టుంది, ఆమెకి మొహం కూడా లేదు" అని నవ్వుకుంటూ భోజనాల లైనుకి పోతున్నారు. అది సగం వేసి వదిలేసింది కాదు. 150 సంవత్సరాలు దాటినా ప్రపంచంలో పెద్ద పెద్ద వాళ్లు దాని ముందు నిలబడి చూస్తున్న బొమ్మ. ఎందుకు చూస్తున్నారో నాకు తెలిసినంత చెప్తాను. మన లైబ్రరీ బీరువాలోని బొమ్మల పుస్తకంలో చదివినవి కొన్ని, సోషల్ టీచర్ గారు చెప్పినవి కొన్ని, నేను చూసి తెలుసుకున్నవి కొన్ని.

బొమ్మ పేరు "సీన్ నది ఒడ్డున, బెన్‌కూర్". వేసింది క్లాడ్ మోనే, ఫ్రాన్సు దేశం ఆయన. వేసిన సంవత్సరం 1868. సీన్ నది పారిస్ నగరం మధ్యలో నుంచి పారి, అట్లా వంకర్లు తిరుగుతూ పోయి సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 777 కిలోమీటర్లు. మన గోదావరి 1,465 కిలోమీటర్లు, అంటే మనదే దగ్గర దగ్గర రెండింతలు. బెన్‌కూర్ అనేది పారిస్ దాటాక దిగువన ఆ నది ఒడ్డున ఉన్న చిన్న పల్లె. ఇక్కడ అంటించింది నోటుపుస్తకం పేజీ అంత కాగితం. అసలు బొమ్మ గుడ్డ మీద నూనె రంగులతో వేసింది, ఎత్తు 81 సెంటీమీటర్ల పైన, వెడల్పు మీటరు పైన కొంచెం. మనం ఈ గోడపత్రికకి వాడే చార్టు కంటే పెద్దది.

ముందు బొమ్మలో ఏమున్నాయో చూద్దాం. చెట్టు నీడలో గడ్డి మీద ఒకామె కూర్చుంది. లేత రంగు బట్టలు. మొహం మనవైపు లేదు, నది వైపు తిప్పుకుంది. ఆమె దగ్గర్లోనే ఒడ్డుకి ఒక పడవ ఉంది. పైనుంచి చెట్టు కొమ్మలు, ఆకులు కిందికి వేలాడుతున్నాయి. మధ్యలో నది, నీలంగా, ఎండ పడి మెరుస్తా ఉంది. అవతలి ఒడ్డున ఊరు, ఇళ్లు. అంతే. ఎవరూ పరిగెత్తడం లేదు, కొట్టుకోవడం లేదు, రాజు లేడు, దేవుడు లేడు. ఆమె ఊరికే కూర్చుని నీళ్లవైపు చూస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. అవతలి ఒడ్డున ఉన్న ఇంటిని చూడండి. ఆ ఇంటి పైభాగానికి మన ముందున్న చెట్టు ఆకులు అడ్డం వచ్చాయి. ఇల్లు పూర్తిగా కనిపించదు. కానీ కిందికి నీళ్లలోకి చూడండి. అక్కడ ఆ ఇల్లు తలకిందులుగా ఉంది. ఆకులు దాచేసిన భాగం నీళ్లలో దొరుకుతుంది. అంటే ఈ బొమ్మలో ఇల్లు ఎట్లా ఉందో మనకి ఇల్లు చెప్పదు, నీళ్లు చెప్తాయి. నేను పుస్తకంలో ఈ బొమ్మని ముందు మూడు నాలుగు సార్లు తిప్పేశాను. ఈ సంగతి పట్టుకున్న రోజు రాత్రి స్టడీ అవర్ మొత్తం దీన్నే చూస్తూ కూర్చున్నాను. (లెక్కల హోంవర్కు తెల్లవారి చేశాను, మేడమ్.)

ఇది ఎట్లా సాధ్యం అని మీరు అడగొచ్చు. ఆకులు అడ్డం ఉంటే నీళ్లలో కూడా అడ్డం ఉండాలి గదా? ఉండదు. కాంతి పరావర్తనం పాఠం గుర్తు తెచ్చుకోండి. పతన కోణం పరావర్తన కోణానికి సమానం. మనం ఇంటిని నేరుగా చూసినప్పుడు ఇంటి నుంచి వచ్చే వెలుగు తిన్నగా మన కంటికి రావాలి. దారిలో మన కళ్ల ఎదురుగా కొమ్మ వేలాడుతుంటే ఆగిపోతుంది. కానీ ఇంటి నుంచి వచ్చే ఇంకో వెలుగు కిందికి దిగి, నది నడుమ నీళ్లకి తగిలి, అక్కడ నుంచి పైకి లేచి మన కంటికి వస్తుంది. ఆ దారి కొమ్మ కిందుగా వస్తుంది. కొమ్మ దానికి అడ్డం కాదు. ఇంకో రకంగా చెప్పాలంటే, మనం నీళ్ల కంటే ఎంత ఎత్తున ఉన్నామో అంత లోతున నీళ్ల అడుగున ఇంకొక మనిషి ఉండి పైకి చూస్తే ఎట్లా కనిపిస్తుందో, నీళ్లలో మనకి అట్లా కనిపిస్తుంది. పైన ఉన్న మనిషికి దాగిన ఇల్లు కింద ఉన్న మనిషికి దాగలేదు.

నమ్మకం లేనివాళ్లు వాన పడ్డాక ఆటస్థలంలో నిలిచిన నీళ్ల దగ్గరికి రండి. గుంటకి ఇవతల నిలబడి, అవతల ఉన్న చింతచెట్టు కనపడకుండా నోటుపుస్తకాన్ని కళ్ల ముందు అడ్డంగా, టోపీ అంచు మాదిరి పట్టుకోండి. చెట్టు మాయం అవుతుంది. ఇప్పుడు పుస్తకం కిందనుంచి నీళ్లలోకి చూడండి. చింతచెట్టు కొనతో సహా కనిపిస్తుంది. వాన లేకపోతే పళ్లెం నిండా నీళ్లు పోసి ఎండలో పెట్టినా కొంత తెలుస్తుంది. పళ్లెం కడిగి మళ్లీ వంటగదిలో పెట్టండి, లేకపోతే వంట అక్క నన్ను అడుగుతుంది.

తెలుగులో ఒక తమాషా ఉంది. చెట్టు కింద చల్లగా నల్లగా పడేదాన్నీ నీడ అంటాం, నీళ్లలో అద్దంలో కనిపించేదాన్నీ నీడే అంటాం. సైన్సు పుస్తకం రెండోదాన్ని ప్రతిబింబం అంటుంది, పరీక్షలో అట్లాగే రాయాలి. కానీ ఈ బొమ్మకి నీడ అన్న మాటే బాగా సరిపోతుంది అని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే ఆమె కూర్చున్నది ఒక నీడలో, చూస్తున్నది ఇంకొక నీడని. మా కోయ భాషలో నీళ్లని ఏర్ అంటాం. తెలుగులో ఏరు అంటే పారే వాగు. నేను మూడో తరగతిలో హాస్టల్‌కి వచ్చినప్పుడు దాహమేసి "ఏర్" అంటే, ఇక్కడ ఏరు ఎక్కడుందమ్మా అని అక్కలు నవ్వారు. నీళ్ల గురించి రాస్తుంటే గుర్తొచ్చింది, అందుకని రాశాను.

నీళ్లలో నీడకి ఇంకా కొన్ని గుణాలు ఉన్నాయి, మోనే వాటిని బాగా ఎరిగినవాడు. ఒడ్డున నిలబడి మన కాళ్ల దగ్గర నీళ్లలోకి తిన్నగా చూస్తే అడుగున రాళ్లు, చేపపిల్లలు కనిపిస్తాయి. తల ఎత్తి దూరంగా చూస్తే రాళ్లు కనిపించవు, ఆకాశం, చెట్లు కనిపిస్తాయి. తిన్నగా పైనుంచి పడిన వెలుగులో నీళ్లు నూటికి 2 వంతులే వెనక్కి పంపుతాయి, మిగిలింది లోపలికి దిగిపోతుంది. వెలుగు ఏటవాలుగా తగిలేకొద్దీ వెనక్కి వచ్చేది పెరుగుతుంది. అందుకే నది మనకి దగ్గర ఒక రంగు, దూరాన ఒక రంగు. తెల్లగోడ నీడ గోడంత తెల్లగా ఉండదు, కొంచెం మసకగా ఉంటుంది, కొంత వెలుగుని నీళ్లు తాగేశాయి కాబట్టి. అల కదిలితే నీడ నిలువుగా సాగుతుంది. పున్నమి రోజు శబరిలో చంద్రుడు గుండ్రంగా కనిపించడు గదా, మన కాళ్ల దగ్గర దాకా పొడుగ్గా బాట వేసినట్టు కనిపిస్తాడు. అదే కారణం.

అన్నిటికంటే నాకు ఆశ్చర్యం వేసింది ఇంకొకటి. ఇద్దరు పక్కపక్కన ఒడ్డున కూర్చున్నా ఇద్దరికీ ఒకే నీడ కనిపించదు. నా కంటికి వచ్చే వెలుగు నీళ్లమీద ఒక చోట తగిలి వస్తుంది, నీ కంటికి వచ్చేది ఇంకో చోట తగిలి వస్తుంది. కాబట్టి బొమ్మలో కూర్చున్నామె చూస్తున్న నీడ, మనం చూస్తున్న నీడ ఒకటి కాదు. మనం చూసేది మోనే నిలబడ్డ చోట నుంచి కనిపించింది. ఆమెకి ఏం కనిపించిందో ఆమెకే తెలుసు.

ఇప్పుడు వేసిన తీరు. బొమ్మకి జానెడు దూరంలో నిలబడి చూడండి (తొయ్యకండి, ఒకరి తర్వాత ఒకరు). నది లేదు, ఇల్లు లేదు. నీలం ముద్దలు, తెల్లటి గీతలు, ఆకుపచ్చ మరకలు, అలికినట్టు ఉంటాయి. ఇప్పుడు నాలుగు అడుగులు వెనక్కి వెళ్లండి. నీళ్లు మెరుస్తాయి. ముద్దల్ని కలిపి నది చేసింది మన కన్ను. మోనే ప్రతి ఆకుని గీయలేదు, ఎందుకంటే ఎండలో చెట్టుని చూసినప్పుడు మనకి కూడా ప్రతి ఆకూ కనిపించదు. అది చెట్టు అని తెలుసు కాబట్టి ఆకులు ఉన్నాయనుకుంటాం. ఆయన తెలిసింది కాకుండా కనిపించింది వేశాడు. మొహం గురించి కూడా నా జవాబు ఇదే. అంత దూరం నుంచి, పక్కకి తిరిగి, నీడలో కూర్చున్న మనిషికి కనుబొమ్మలు, పెదవులు కనిపించవు. కనిపించనిది వెయ్యలేదు.

అప్పటిదాకా ఫ్రాన్సులో చాలామంది చిత్రకారులు బయట చిన్న చిన్న నమూనాలు గీసుకుని, ఇంటికి వచ్చి గదిలో పెద్ద బొమ్మ నున్నగా, కుంచె గీత కనపడకుండా వేసేవారట. మోనే 1840 నవంబరు 14న పారిస్‌లో పుట్టాడు గానీ పెరిగింది లె హావ్ర్ అనే సముద్రపు రేవు ఊళ్లో, సీన్ నది సముద్రంలో కలిసేది అక్కడే. కుర్రవాడుగా ఉన్నప్పుడు ఊళ్లోవాళ్ల మొహాలు వెక్కిరింపుగా గీసి అమ్ముకునేవాడు. అక్కడ యూజీన్ బూదాన్ అనే పెద్ద చిత్రకారుడు ఆయన్ని ఆరుబయటికి తీసుకుపోయి, ఆకాశం కింద నిలబడి రంగులు వెయ్యడం నేర్పించాడు.

బయట వెయ్యడానికి ఒక వస్తువు చాలా పనికొచ్చింది. రేకు ట్యూబు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు రంగుల్ని మన పళ్లపేస్టు ట్యూబులాంటి రేకు గొట్టంలో నింపే పద్ధతి కనిపెట్టాడు. అంతకుముందు నూరిన నూనె రంగుని పంది మూత్రాశయపు తిత్తిలో కట్టి దాచేవారు. సూది గుచ్చి పిండుకోవాలి, ఊరికే పగిలిపోయేది, ఎండిపోయేది. అట్లాంటి దాన్ని మోసుకుని నది ఒడ్డుకి ఎవరు పోతారు? మూత ఉన్న ట్యూబు వచ్చాక రంగులు సంచిలో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. బయట ఎండ ఆగదు. ఒక గంటకి నీడ జరిగిపోతుంది, నీళ్ల రంగు మారుతుంది. కాబట్టి త్వరగా వెయ్యాలి, పెద్ద పెద్ద కుంచె దెబ్బలు వెయ్యాలి. అలికినట్టు ఉండడానికి ఇదొక కారణం.

ఇక ఆమె గురించి. ఆమె పేరు కమీల్ దోన్సియో. 1847లో పుట్టింది. ఈ బొమ్మ నాటికి 21 ఏళ్లు. మోనేకి 27. 1867 ఆగస్టులో వాళ్లకి జాఁ అనే కొడుకు పుట్టాడు. వాళ్లకి అప్పటికి పెళ్లి కాలేదు, 1870 జూన్‌లో చేసుకున్నారు. మోనే ఇంటివాళ్లకి ఆమె ఇష్టం లేదు. చేతిలో డబ్బుల్లేవు. 1868 వేసవిలో ముగ్గురూ బెన్‌కూర్‌లో ఒక సత్రంలో దిగారు. జూన్ నెలాఖరుకి ఆ సత్రం వాళ్లు వీళ్లని బయటికి పంపేశారు. సాయం చెయ్యమని మోనే తన స్నేహితుడు బజీల్‌కి ఉత్తరం రాశాడు. ఆ వేసవిలోనే ఈ బొమ్మ. ఇంత ఎండ, ఇంత చల్లటి నీడ, ఇంత నెమ్మది ఉన్న బొమ్మ వెనక అంత ఇబ్బంది ఉందని చూస్తే తెలియదు.

పోయిన నెల రెండో ఆదివారం మా అమ్మ నన్ను చూడడానికి వచ్చినప్పుడు వరండాలో కూర్చుని ఈ బొమ్మ పుస్తకంలో చూపించాను. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదట. అమ్మకి అక్షరాలు రావు, బొమ్మ చదవడం నాకంటే బాగా వచ్చు. ముందు పడవ చూసింది. "ఇది మన దోనె లాగా లేదు, పలకలతో చేసింది" అంది. తర్వాత ఆమెని చూసింది. అప్పుడు నేను పైన రాసినదంతా కోయలో చెప్పాను, సత్రం సంగతి, బిడ్డకి పది నెలలు నిండే వయసు అని. అమ్మ చాలాసేపు బొమ్మ అటూ ఇటూ వెతికి, "మరి బిడ్డ ఎవరి దగ్గర ఉన్నాడు?" అని అడిగింది.

బొమ్మలో బిడ్డ లేడు. ఏ పుస్తకంలో ఎవరూ ఈ ప్రశ్న వెయ్యగా నేను చూడలేదు. అమ్మ ఒక్క నిమిషంలో అడిగింది.

మా అమ్మ శబరి రేవుకి బిందె లేకుండా, బట్టల మూట లేకుండా వెళ్లడం నేను ఎప్పుడూ చూడలేదు. నీళ్ల దగ్గర ఊరికే కూర్చున్న ఆడమనిషిని చూస్తే మా ఊళ్లో "ఏమైంది, ఒంట్లో బాగాలేదా" అంటారు, లేకపోతే "పని లేదా" అంటారు. హాస్టల్లో కూడా అంతే. ఈ ఏడు ఐదో తరగతిలో చేరిన ఒక చెల్లి సాయంత్రం ఆటల బెల్లు కొట్టాక నీళ్ల ట్యాంకు గట్టు మీద ఒక్కతే కూర్చుంటుంది. అందరూ ఆమెకి ఒక పేరు పెట్టారు, ఇక్కడ రాయను. నేను ఒకరోజు పక్కన కూర్చుని ఏం చూస్తున్నావ్ అని అడిగితే, ట్యాంకు నీళ్లలో కొండ కనిపిస్తుంది అక్కా, మా ఊరు ఆ కొండకి అవతల అని చెప్పింది. నిజమే, ట్యాంకు దగ్గర నుంచి కొండలో కొన తప్ప మిగతాదానికి బడి గోడ అడ్డం. ఆమె కూర్చునే మూల నుంచి మాత్రం, గోడ మీదుగా పైనుంచి వచ్చే వెలుగు నీళ్లకి తగిలి, కొండ కొన ఒక్కటి తలకిందులుగా కనిపిస్తుంది. నిలబడితే కనిపించదు. ఆ చెల్లి ఈ పుస్తకం చూడలేదు.

కమీల్‌కి కూడా పని లేక కూర్చోలేదు అని నేను అనుకుంటున్నాను. ఆ కూర్చోవడమే ఆమె పని. చిత్రకారుడు వేసేంతసేపు కదలకుండా ఉండాలి, దాన్ని మోడల్ పని అంటారు. ఆమె పెళ్లికి ముందు నుంచే ఆ పని చేసింది. 1866లో మోనే ఆమెని ఆకుపచ్చ చారల గౌనులో నిలబెట్టి పెద్ద బొమ్మ వేస్తే పారిస్‌లో అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత "తోటలో స్త్రీలు" అనే బొమ్మలో ఒకరికంటే ఎక్కువ మందికి ఆమె ఒక్కతే మారి మారి నిలబడింది. మనం ప్రార్థనలో పది నిమిషాలు కదలకుండా నిలబడితేనే మోకాళ్లు లాగుతాయి. ఆమె గంటలు నిలబడింది. బొమ్మల కింద సంతకం మోనేది. ఇది తప్పు అని కాదు, వేసింది ఆయనే. కానీ బొమ్మలో రెండు పనులు ఉన్నాయి, ఒకటి కుంచె పని, ఒకటి కూర్చునే పని. ఈ గోడపత్రికలో రెండూ రాయాలని నేను రాస్తున్నాను.

ఇట్లాంటి బొమ్మలని ఇంప్రెషనిస్టు బొమ్మలు అంటారు. ఆ పేరు ఎట్లా వచ్చిందో క్లుప్తంగా చెప్తాను. పారిస్‌లో సలాన్ అని ప్రభుత్వం వారి చిత్రాల ప్రదర్శన జరిగేది. అందులో గోడ మీద చోటు దొరికితేనే బొమ్మలు కొనేవారు. అక్కడ పెద్దలు మోనే బొమ్మల్ని కొన్నిసార్లు తీసుకున్నారు, చాలాసార్లు తిప్పి పంపారు. "తోటలో స్త్రీలు" బొమ్మని 1867లో తిప్పి పంపారు. చివరికి మోనే, రెన్వార్, పిసారో, దెగా, బెర్త్ మోరిసో, ఇంకా కొందరు కలిసి 1874 ఏప్రిల్ 15న పారిస్‌లో నాదార్ అనే ఫోటోగ్రాఫరు ఉండి ఖాళీ చేసిన స్టూడియోలో తమ ప్రదర్శన తామే పెట్టుకున్నారు. బెర్త్ మోరిసో ఆడమనిషి, గుర్తుపెట్టుకోండి. అందులో మోనే పెట్టిన ఒక బొమ్మ పేరు "ఇంప్రెషన్, సూర్యోదయం". ఇంప్రెషన్ అంటే మనసు మీద పడిన ముద్ర. లూయీ లెరోయ్ అనే విలేఖరి ఆ మాటని పట్టుకుని, వీళ్లంతా ముద్రలవాళ్లు, పూర్తి చెయ్యడం చేతకానివాళ్లు అన్నట్టు పత్రికలో వెక్కిరించాడు. వాళ్లు ఆ వెక్కిరింపు పేరునే ఉంచేసుకున్నారు. మన బొమ్మ ఆ పేరు పుట్టడానికి ఆరేళ్ల ముందుది. పేరు లేకముందే పని మొదలైంది.

కమీల్ ఎక్కువకాలం బతకలేదు. 1878లో రెండో కొడుకు మిషెల్ పుట్టాడు. తర్వాత జబ్బు ముదిరి 1879 సెప్టెంబరు 5న, వెతాయ్ అనే ఊళ్లో, అది కూడా సీన్ నది ఒడ్డే, చనిపోయింది. 32 ఏళ్లు. చనిపోయి పడుకున్న ఆమెని కూడా మోనే బొమ్మ వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు పారిస్‌లో ఉంది, పుస్తకంలో చిన్నగా వేశారు. మొహం మీద నీలం, బూడిద, ఊదా గీతలు, పొగమంచులో ఉన్నట్టు ఉంటుంది. ఎన్నో సంవత్సరాల తర్వాత తన స్నేహితుడు క్లెమాన్సోకి మోనే ఈ సంగతి చెప్పుకున్నాడు. అంత ప్రేమించిన మనిషి పోయి పడుకుని ఉంటే, ఆమె మొహంలో రంగులు ఎట్లా మారుతున్నాయో తన కన్ను తనకు తెలియకుండానే లెక్కపెడుతోందని. అది చదివి నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆ పేజీ తెరవలేదు. మా నాయనమ్మ పోయినప్పుడు మా పిన్ని ఆమె చేతి కడియాలు ఎంత అరిగాయో చూస్తూ కూర్చుంది, అది గుర్తొచ్చాక కోపం కొంచెం తగ్గింది. ఆయన్ని ఏమనాలో నేనింకా తేల్చుకోలేదు. మీరు చదివి మీకు ఏమనిపించిందో చెప్పండి.

తర్వాత మోనేకి పేరు, డబ్బు రెండూ వచ్చాయి. 1883లో జివెర్నీ అనే ఊరికి వెళ్లాడు. బెన్‌కూర్‌కి అది దగ్గరే. అక్కడ చెరువు తవ్వించి, కలువలు పెంచి, ముసలితనం అంతా ఆ నీళ్లనే వేశాడు. కళ్లలో శుక్లాలు వచ్చి రంగులు సరిగ్గా తెలియకపోయినా వేశాడు, 1923లో ఆపరేషన్ చేయించుకుని మళ్లీ వేశాడు. 1926 డిసెంబరు 5న చనిపోయాడు. చివరి బొమ్మల్లో కొన్నిటిలో ఒడ్డు కూడా లేదు. ఆకాశం, మేఘాలు, చెట్లు అన్నీ నీళ్లలోనే ఉంటాయి. బెన్‌కూర్‌లో ఒక ఇంటితో మొదలుపెట్టినదాన్ని ఆయన చివరిదాకా వదల్లేదు అని నాకు అనిపిస్తుంది.

మన బొమ్మ ఇప్పుడు అమెరికాలో చికాగో నగరంలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే పెద్ద చిత్రశాలది. పాల్మర్ అనే ధనవంతుల కుటుంబం సేకరించిన బొమ్మలతోపాటు 1922లో అక్కడికి చేరింది. చికాగో అనగానే మీకు వివేకానందుడు గుర్తొస్తాడు గదా. 1893 సెప్టెంబరు 11న ఆయన మాట్లాడిన సర్వమత మహాసభ జరిగింది ఆ చిత్రశాల భవనంలోనే, అప్పుడు అది కొత్తగా కట్టింది. మన ప్రార్థన హాల్లో చేతులు కట్టుకుని నిలబడ్డ ఫోటో ఉన్న ఆయన, ఈ పక్కన నీళ్లవైపు చూస్తూ కూర్చున్న ఆమె, ఒకే కప్పు కిందికి చేరారు, 29 ఏళ్ల తేడాతో. ఇది సోషల్ టీచర్ గారు చెప్పారు. చెప్పి, పరీక్షలో రాదులే అన్నారు.

ఈ కాగితం శనివారం దాకా ఉంటుంది. నూనె రాసుకున్న చేతులతో ముట్టుకోవద్దు, ఇప్పటికే పడవ దగ్గర ఒక వేలిముద్ర పడింది. పుస్తకంలో అసలు పేజీ చూడాలనుకున్నవాళ్లు లైబ్రరీ పీరియడ్‌లో నన్ను అడగండి, నా పేరు మీదే ఉంది. చిన్నపిల్లలకి ఇల్లు ఎక్కడుందో ముందే చూపించెయ్యకండి, వాళ్లనే వెతకనివ్వండి. ఆదివారం నుంచి ఇదే చోట ఎనిమిదో తరగతి వాళ్ల పొడుపుకథల పేజీ వస్తుంది.